పలకొద్దు తల్లీ

ఆ పాటలో పిల్ల పేరు పెట్టమన్నవాణ్ణి నేనే. ముందే చెప్పేస్తున్నాను. కథంతా విన్నాక మీరెలాగూ నన్నే తిట్టుకుంటారు. ఆ పనేదో ఇప్పుడే మొదలుపెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

నా పేరు కృష్ణకుమార్. మలేషియాలో బాగన్ దాతుక్ దగ్గర పామాయిల్ మిల్లులో తూకం గుమాస్తాని. లారీ వస్తుంది, తూస్తాను, చీటీ రాస్తాను, పంపిస్తాను. ఆదివారాలు రామమందిరంలో పిల్లలకు తెలుగు అక్షరాలు చెబుతాను. ముప్ఫైమంది పేర్లిస్తారు, నలుగురొస్తారు, ఆ నలుగురూ తమిళంలో కొట్టుకుంటారు. మీరంతా ఫోన్లలో పెట్టుకుని ఎగురుతున్నారే, "పలకొద్దు తల్లీ" అని, ఆ పాట పాడిన యోగేశ్వరి నా మేనకోడలు. మా అక్క ముత్యాలు కూతురు.

మా అక్క కొబ్బరితోటలో కాయలు వలిచేది. నేలలో పాతిన ఇనప మొన మీద కాయను పొడిచి, నడుం వంచి మెలిపెడితే పీచు ఊడొస్తుంది. అలా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వందల కాయలు. మా బావ పనికని సింగపూర్ వెళ్ళి అక్కడే ఎవరితోనో ఇల్లు పెట్టుకున్నాడు. వాన పడితే తోట కూలీల లైన్ ఇంట్లో మంచం ఒక మూల నుంచి ఇంకో మూలకి జరుపుకునేవాళ్ళు. యోగేశ్వరికి బడి గౌను ఒకటే. రాత్రి ఉతికి పొద్దున తడిదే తొడుక్కుని పోయేది. పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు డెంగీ జ్వరం వచ్చి మా అక్క ఆరు రోజుల్లో పోయింది.

అప్పుడు మా అమ్మ దేవుడమ్మ శోకం తీసింది. ఇది తెలియకపోతే తర్వాత జరిగినదేదీ మీకు అర్థం కాదు. మా పెద్దవాళ్ళు ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు తెచ్చుకున్నవాటిలో శోకాలు ఒకటి. ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇంటి ఆడమనిషి శవం తల దగ్గర కూర్చుని రాగం తీసి పిలవాలి. పోయినవాళ్ళకి తాము పోయిన సంగతి తెలియదట. మామూలు మాట వాళ్ళకి వినపడదట. రాగంలో పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తేనే, ఓహో, నేను పోయానన్నమాట అని తెలుసుకుని కదులుతారు. పిలవకపోతే ఇంటి చుట్టూ తిరుగుతూ, నాకెందుకు ఎవరూ అన్నం పెట్టడం లేదని బాధపడతారు. నవ్వుకుంటే నవ్వుకోండి. మా అమ్మకి మాత్రం ఇది పొద్దు పొడవడమంత నిజం.

మా అక్క మీద మా అమ్మ తీసిన శోకం ఇది:

ఎవలు పిలిసినారే తల్లీ ఇంత బేగి నిన్ను
పొయ్యి మీద గంజి పొంగిపోతన్నాది సూడు
నీ కాలి సెప్పులింకా గుమ్మంలోనే ఉండె
పేరెట్టి పిలుత్తన్నాను, ముత్యాలూ!
పలకొద్దు తల్లీ పలకొద్దు, నీ దారి నువ్వెల్లు.

మూడుసార్లు పిలిచింది. యోగేశ్వరి అమ్మమ్మ కొంగు పట్టుకుని వెనకాలే నిలబడి వింది. నెల తిరక్కుండా ఆ పిల్ల పెరట్లో గిన్నెలు తోముతూ అదే రాగం తీస్తుంటే మా అమ్మ చీపురు పట్టుకుని పరిగెత్తింది. దగ్గరికెళ్ళి, పాట విని, చీపురు పక్కన పడేసి కూర్చుండిపోయింది. ఆ గొంతు అలాంటిది మరి.

"ఒలే గుంటా, నేర్సుకుంటే సరీగ నేర్సుకో. పేరు కాడ మాత్రం నోట్లో కొంగెట్టుకోవాల. బతికున్నోల పేరు ఈ రాగంలో రాకూడదు. నానెల్లిపోయిన్నాడు నువ్వే నన్ను పిలవాల. మీ మావ మొగోడు. మీ అత్తకి తెలుగే రాదు. నువ్వు పిలవకపోతే నాకు దారి నేదు," అంది.

పిల్ల గౌను అంచు నోట్లో పెట్టుకుని తలూపింది. ఆనాటి నుంచి పాట అంతా పాడేది, పేరు దగ్గర ఆగేది, మళ్ళీ అందుకునేది.

పదిహేనేళ్ళకి రామమందిరం మైకులో పాడింది. పదిహేడేళ్ళకి ఉరుమి డప్పుల మేళం కుర్రాళ్ళు పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళారు. బడి అయిపోయాక క్లాంగ్‌లో రబ్బరు గ్లౌజుల ఫ్యాక్టరీలో చేరింది. వారమంతా ఫ్యాక్టరీ, శని ఆదివారాలు పెళ్ళి పందిళ్ళలో తమిళ పాటలు. ఎవరో ఫోన్లో తీసి పెట్టిన పాటని రెండు లక్షలమంది చూశారని ఒకరోజు కౌలాలంపూర్ నుంచి ఫోనొచ్చింది. పాటలు రికార్డు చేసే ఇళంగోవన్ అనే ఆయన రమ్మన్నాడు. మిల్లులో సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను. మేనమామని కదా, పెద్దరికం!

ఇళంగోవన్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎంత బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ణి. మాకు కప్పుల్లో వేడిగా మైలో కలిపించి ఇచ్చాడు, పిల్ల చేత నాలుగు పాటలు పాడించుకున్నాడు. "గొంతు బంగారం. కానీ ఇలాంటి పాటలు వందమంది పాడుతున్నారు. మీ ఊళ్ళో, మీ ఇంట్లో పాడుకునేది ఏదైనా ఉందా?" అని తమిళంలో అడిగాడు.

యోగేశ్వరి నా వైపు చూసింది. నేను ఆ పిల్ల చేతుల వైపు చూశాను. ఫ్యాక్టరీ మందులకి వేళ్ళ కొసలు పొట్టు రేగి తెల్లగా ఉన్నాయి. "పాడమ్మా," అన్నాను.

పాడింది. పేరు దగ్గర ఆగింది. ఇళంగోవన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. భాష ముక్క తెలియదు ఆయనకి, కళ్ళలో నీళ్ళు. "ఇదే కావాలి. కానీ ఇక్కడ ఈ ఖాళీ ఏమిటి? ఎవరినో పిలుస్తున్నావు కదా, ఎవరిని?"

చావుపాట అని చెప్పాను. "పర్లేదు అంకుల్, జనానికి తెలియదు కదా. ఒక పేరు పెట్టేద్దాం. నా కూతురు పేరు పెట్టుకోండి, పిలవడానికి బాగుంటుంది," అన్నాడు సంతోషంగా.

తండ్రే కూతురి పేరు ఇచ్చేస్తున్నాడు, పాపం ఏమీ తెలియక! అప్పుడే పిల్లని తీసుకుని లేచి వచ్చేయాల్సింది. రాలేదు. కాస్త మంచితనం చూపించబోయి, దాంతోనే కొంప ముంచాను.

"పరాయి పిల్లని సావమనడం పాపం. నీ పేరే పెట్టుకో. మన పేరు మనం పిలుసుకుంటే ఎవలికి ఏటవుతాది?" అన్నాను యోగేశ్వరితో.

"అమ్మమ్మ కొడతాదిలా, మావా," అంది, ఇక్కడి మలాయ్ అలవాటులో మాట చివర "లా" తగిలించి.

"అమ్మమ్మకి నాన్సెప్తాను."

చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే పాట బయటికొచ్చేసింది. కింద ఉరుమి దరువు, మధ్యలో తనేశ్ అనే కుర్రాడి తమిళ ర్యాపు. అందమైన ఆడపిల్లని ఎవడో ప్రేమగా పిలుస్తున్నాడనీ, ఆమె బెట్టు చేస్తోందనీ జనం అర్థం చేసుకున్నారు. "పేరెట్టి పిలుత్తన్నాను, యోగేశ్వరీ!" అని ఆమె అనగానే, వింటున్నవాళ్ళంతా చేతులెత్తి "ఓయ్!" అని అరవాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, దేశమంతా పాకింది. బస్సుల్లో, బడుల్లో, కోడి మాంసం కొట్లలో, ఎక్కడ విన్నా "ఓయ్!" మలాయ్ పిల్లలు, చైనా పిల్లలు కూడా. నాలుగు నెలల్లో యోగేశ్వరి ఫ్యాక్టరీ మానేసింది. ఏడాదిలో మాకు బాగన్ దాతుక్ రోడ్డు పక్కన గేటున్న ఇల్లు కట్టించింది. టీవీలో మంత్రిగారి పక్కన కూర్చుంది. నేను మిల్లులో అందరికీ మిఠాయిలు పంచాను. అవును, పంచాను, ఏం?

మా అమ్మకి చెవులు కొంచెం మందం. అప్పటికి డయాలిసిస్ కోసం వారానికి మూడు రోజులు తెలుక్ ఇంతాన్ ఆసుపత్రికి తిరుగుతోంది. మిగతా రోజులు పడుకునే ఉంటుంది. ఇంట్లో ఆ పాట పెట్టకుండా నేను జాగ్రత్తపడ్డాను. పిల్ల పాటలు పాడుతోంది, పేరొచ్చింది, అంతవరకే ఆవిడకి తెలుసు. అలా నెట్టుకొచ్చానా, కౌలా సెలంగోర్‌లో మా ఆవిడ మాధవి తమ్ముడి పెళ్ళికి అమ్మని తీసుకెళ్ళాల్సి వచ్చింది.

అన్నాలు తింటున్నాం. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని హాల్లోకి వచ్చారు. డీజే పాట పెట్టాడు. అంత పెద్ద స్పీకర్లో చెవిటివాళ్ళకి కూడా వినపడుతుంది. మా అమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగింది. గంజి పొంగింది, చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. ఆవిడ నా వైపు చూసింది. "యోగేశ్వరీ!" అంది పాట. మూడొందలమంది "ఓయ్!" అన్నారు.

"ఓలమ్మో! బతికున్న గుంటకి శోకం తీసినారేట్రా! పలకొద్దంటే పలుకుతన్నారేట్రా ఈలందరూ!"

కర్ర పట్టుకుని లేచింది. ఆపేయండ్రా ఆపేయండి అని అరుస్తూ స్పీకర్ వైపు నడిచింది. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? పిల్లలు చూశారు, ముసలావిడ డాన్సు చేయడానికి వస్తోందనుకున్నారు. "పాట్టీ! పాట్టీ!" అని తమిళంలో అవ్వని పిలుస్తూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. ఆవిడ కర్ర ఎత్తి కొట్టబోతే, వాళ్ళూ చేతులెత్తి ఊపారు. అందరి ఫోన్లూ ఆవిడ మొహం మీదే. నేను తోసుకుంటూ వెళ్ళేసరికి పాట అయిపోయింది, మా అమ్మ ఏడుస్తోంది, ఒక కుర్రాడు ఆవిడ బుగ్గకి బుగ్గ ఆనించి ఫోటో తీసుకుంటున్నాడు. ఆ వీడియో కూడా లక్షలమంది చూశారు. కింద ఎర్ర గుండె బొమ్మలు పెట్టారు, మా అమ్మ ఏడుపుకి!

ఇంటికొచ్చాక నిజం చెప్పాను. ఆవిడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వేట్రా సెప్పినావు? నువ్వేనేట్రా?" అని రెండుసార్లు అడిగి గోడ వైపు తిరిగి పడుకుంది. కొడితే బాగుండేది.

మర్నాడు కౌలాలంపూర్ వెళ్ళి ఇళంగోవన్‌ని కలిశాను. పాట తీసేయండి, కనీసం పేరైనా తీసేయండి అని చేతులు జోడించాను. ఆయన చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు. "అంకుల్, నేను నా దగ్గర తీసేసినా ఎంతమంది ఫోన్లలో ఉందో మీకు తెలుసా? అది నా చేతుల్లో లేదు. ఆమె చేతుల్లోనూ లేదు. ఈ పాట పాడకపోతే జనం కుర్చీల్లోంచి లేవరు," అన్నాడు. నిజమే చెప్పాడు. మళ్ళీ మైలో ఇచ్చాడు.

యోగేశ్వరి అక్కడే ఉంది. మొహానికి రంగులు, కళ్ళ కింద నలుపు. నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఈపో ఊల్లో స్టేజీ మీద పేరు కాడ ఆగిపోయినాను మావా. నోరు మూసుకున్నాను. ఆల్లే పిలిసినారు. ఆల్లే ఓయన్నారు. నాను అక్కడ నేకపోయినా ఆలకి పర్లేదులా." గొంతు తగ్గించింది. "రోజూ అందరూ కలిసి నన్ను పంపేస్తన్నట్టుంటాది. అమ్మమ్మ కోపంగా ఉన్నాదా?"

లేదని చెప్పాను. బస్సెక్కి వచ్చేశాను.

మా అమ్మ పిల్ల మీద కోపం పెట్టుకోలేదు. గుళ్ళో పూజ చేయించింది, తాయెత్తు కట్టించి పంపింది. యోగేశ్వరి నెలకోసారి వచ్చి మంచం పట్టె మీద కూర్చుని అమ్మమ్మ కాళ్ళు ఒత్తేది. డయాలిసిస్ చేయి వాచి, కాళ్ళు వాచి, మా అమ్మ రోజురోజుకీ తగ్గిపోతోంది. ఇక ఆవిడకి ఒకటే ధ్యాస. ఆఖరిసారి వచ్చినప్పుడు పిల్ల గడ్డం పట్టుకుని అడిగింది.

"నన్ను పిలిసేటప్పుడు నా పేరు సరీగ పిలువే గుంటా. మూడుపాల్లు. అంతే సాలు నాకు."

"పిలుస్తాను అమ్మమ్మా, ఒట్టు," అంది యోగేశ్వరి. ఒట్టు వేసేటప్పుడు అబద్ధం లేదు ఆ పిల్లలో. నేను పక్కనే ఉన్నాను కదా.

మా అమ్మ ఒక మంగళవారం పొద్దున టీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, పడుకుని, మళ్ళీ లేవలేదు. డెబ్భై తొమ్మిదేళ్ళు. పక్కింటి పచ్చయమ్మ వచ్చి స్నానం చేయించి, పసుపు రాసి, కొత్త చీర కట్టింది. దహనం మూడు గంటలకి అన్నారు. యోగేశ్వరి క్లాంగ్ నుంచి బయల్దేరింది. పాట తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని మా పక్క ముసలమ్మలని అడిగాను. రాగం గుర్తుంది, మాటలు గుర్తులేవు అన్నారు. అయినా దేవుడమ్మకి మనవరాలుంది కదా అన్నారు.

ఒంటిగంటకి కారు వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు, అప్పటికే కంచె బయట జనం. బడి వదిలిన పిల్లలు, మోటార్‌సైకిళ్ళ మీద కుర్రాళ్ళు. నేను గేటు దగ్గరికెళ్ళి, ఇది చావిల్లు, ఫోన్లు జేబుల్లో పెట్టుకోండి అని చెప్పాను. పెట్టుకున్నారు. మంచి పిల్లలే. తలలు వంచుకుని నిలబడ్డారు.

యోగేశ్వరి తెల్ల చీరలో, మొహం కడుక్కుని, శవపెట్టె తల దగ్గర కూర్చుంది. అమ్మమ్మ బుగ్గలు రెండూ తడిమింది. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. కళ్ళు మూసుకుని రాగం ఎత్తుకుంది.

దరువు లేదు, మైకు లేదు. ఎన్నేళ్ళకి విన్నాను ఆ గొంతుని అలా! మా అక్క పోయిన రోజు కళ్ళ ముందుకొచ్చింది. గంజి పొంగింది. చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. మా అమ్మ మొహం చూస్తూ, వినవే అమ్మా, ఇదిగో, పిలుస్తోంది, విను అనుకున్నాను. పేరెట్టి పిలుత్తన్నాను అంది యోగేశ్వరి.

"యోగేశ్వరీ!"

ఆ పిల్ల నోట్లోంచే వచ్చింది. కంచె బయట నుంచి పదిమంది పిల్లల గొంతులు "ఓయ్!" అన్నాయి. వెంటనే ఎవరో గదమాయించారు. ఒక పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకుని భయంగా చూసింది. ఎవరూ నవ్వలేదు. కావాలని ఎవరు చేశారు కనక?

యోగేశ్వరి కళ్ళు తెరిచింది. మళ్ళీ మొదటినుంచి, నెమ్మదిగా, మాట మాట పట్టుకుని పాడింది. పేరు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ "యోగే" అని వచ్చేసింది. అరచేత్తో నోరు కొట్టుకుంది.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నా ఎనకాల అనమ్మా. దేవుడమ్మా."

"దేవుడమ్మా," అంది. మామూలుగా అంది, చక్కగా అంది.

"అదే రాగంలో పెట్టు."

పెట్టబోయింది. రెండేళ్ళలో ఎన్ని వందలసార్లు పాడించారో ఆ చోట ఆ పేరుని! "రాట్లేదు మావా. మాటలో వస్తన్నాది, రాగంలో నా పేరే వస్తన్నాది. నానేటి సెయ్యను? నువ్వు పాడు మావా, నువ్వు పాడు."

నాకు రాగం రాదు. అయినా నోరు తెరిచాను. "పేరెట్టి" అన్నాను, దగ్గు వచ్చింది. ముసలమ్మలు తలలు తిప్పుకున్నారు. ఆ పాట అక్కడున్న ప్రతివాళ్ళకీ వచ్చు. అయ్యా, దేశమంతటికీ వచ్చు! మా అమ్మ పేరుతో పాడడం మాత్రం ఒక్కరికీ రాదు.

శవాల బండివాళ్ళు ఇద్దరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. దహనానికి తెలుక్ ఇంతాన్ దాకా వెళ్ళాలి, ఇప్పటికే ఆలస్యమైంది, మన తర్వాత ఇంకో శవం ఉందట. "అన్నా, ఎత్తమంటారా?" అని మెల్లిగా అడిగారు.

అందరూ నా వైపు చూశారు. కొడుకుని కదా, నేనే చెప్పాలి.

"ఇంకొక్కపాలి మావా. ఇంకొక్కపాలి సూత్తాను, ఆగమనండి," అని యోగేశ్వరి పెట్టె అంచు రెండు చేతులా పట్టుకుంది.

ఆ వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విడదీసి, ఎత్తమన్నాను.